డాంబరు పెంకుల గంజి

మా ఆయనకు తెలియని విషయం లేదు. ఉన్నా ఆయన ఒప్పుకోడు కనుక లేనట్టే లెక్క. బట్ట గురించి ఏం చెప్పినా నేను నోరు మూసుకుని వింటాను. రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి ఏ నూలో, ఎక్కడ పోగు వదులైందో చెప్పేస్తాడు. చిక్కల్లా ఎక్కడంటే, బట్ట కానివాటిని కూడా ఆయన బట్టగానే చూస్తాడు. పప్పు పలచనైతే పేక తక్కువైందంటాడు. నా నడుం పట్టేస్తే పడుగు బిగుసుకుందంటాడు. ఇంటి పైకప్పును కూడా అలాగే బట్ట అనుకున్నాడు. ఆ కారణంగా నా కూతురి తొలి కాన్పు నా ఇంట్లో కాకుండా పోయేది.

కరీంనగర్ వైపు నుంచి నేత పనికి ఇంత దూరం వలస వచ్చిన మా కామత్‌ఘర్ గల్లీలో ఇళ్ళన్నీ ఒకటే తీరు. కింద సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, పైన మనుషులు. మాకు కింద ఎనిమిది సాంచాలు నడుస్తాయి. కరెంటు ఉన్నంతసేపూ అవి దడదడలాడుతుంటే పైన మా నేల సన్నగా వణుకుతుంటుంది. అలమారలో స్టీలు గ్లాసులు పొద్దున ఒక మూలన పెడితే సాయంత్రానికి ఇంకో మూలకు జరిగి ఉంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు బెదిరిపోతారు. మాకు మాత్రం కరెంటు పోయి దడ ఆగితేనే గుండె ఝల్లుమంటుంది.

గల్లీలో అందరికీ సిమెంటు రేకులో, ఇనప రేకులో ఉన్నాయి. మాకు మాత్రం డాంబరు పెంకులు. అవి రావడమే ఒక ముచ్చట. నా బిడ్డ మరాఠీ బడిలో ఐదో తరగతి చదువుతున్నప్పుడు మా ఇనప రేకులు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. కొత్త రేకులు తెస్తానని మా ఆయన అంజూర్ ఫాటా గోదాముల వైపు పోయాడు. మధ్యాహ్నానికి టెంపో నిండా నల్లటి అట్టలు వేసుకుని వచ్చాడు. జానెడు వెడల్పు, బారెడు పొడవు ముక్కలు. కింద డాంబరు, పైన ఎర్రటి ఇసుకలాంటి గులకలు అతికించి ఉన్నాయి. ఎవరో కొండమీద బంగళా కట్టుకోవడానికి తెప్పించుకుంటే మిగిలిపోయాయట. గోదాములో వాటిని షింగిల్స్ అన్నారట.

"ఏందివి?" అన్నాను.

"బంగళాలకు ఏస్తరే ఇవి."

"మనది బంగళా కాదు గద."

"ఏసినంక అయితది."

వాటిని వేయడం తెలిసిన మిస్త్రీ టెంఘర్‌లో ఉంటే పట్టుకొచ్చాడు. మరాఠీ మనిషి. మాటలు తక్కువ, పని ఎక్కువ. పాత రేకులను మోసిన ఇనప యాంగిళ్ళ మీద చెక్క పలకలు పరిచాడు. వాటి మీద నల్లటి మందపాటి కాగితం పరిచాడు. ఆ పైన చూరు దగ్గర మొదలుపెట్టి వరస మీద వరస పెంకులు కొట్టుకుంటూ పైకి పోయాడు. కింది వరస మేకులు పై వరస కిందికి పోయి దాక్కున్నాయి. మూడు రోజుల్లో పని ముగిసింది. గల్లీవాళ్ళు మూడు రోజులూ మెడలెత్తుకుని చూశారు. నాలుగో రోజునుంచి మా ఇంటి పేరు బంగ్లా అయిపోయింది. గ్యాసు సిలిండరు తెచ్చే మనిషి ఇప్పటికీ కింద నిలబడి "బంగ్లావాలే" అని కేక వేస్తాడు. పైకి వస్తే మా రెండు గదుల్లో ఆ సిలిండరు పెట్టడానికే చోటు వెతుక్కోవాలి.

మొదటి వానకే మా ఆయన గుండె జారిపోయింది. చూరు వెంట కట్టిన రేకు కాలువలో దోసెడు ఎర్ర ఇసుక చేరింది. పెంకులు కరిగిపోతున్నాయనుకుని ఆ ఇసుకను కాగితంలో పొట్లం కట్టుకుని టెంఘర్‌కు పరిగెత్తాడు. మిస్త్రీ నవ్వాడట. కొత్త పెంకుల మీద అతుక్కోని గులకలు కొన్ని ఉంటాయి, అవి ఒకటి రెండు వానలకు రాలిపోతాయి, భయం లేదు అన్నాడట. మా ఆయన అందులో సగం విని, మిగతా సగం దారిలో తనే కల్పించుకుని ఇంటికొచ్చాడు.

"ఏం లేదే. అది గంజి. కొత్త బట్ట మొదటి ఉతుకుకు గంజి ఇడుస్తది గద, గట్లనే. గంజి పోయినకొద్ది బట్ట మెత్తగైతది, ఒంటికి పడ్తది. ఈ కప్పు గూడ ఏడాదికేడాది మంచిగైతది, చూస్కో."

నేను చూసుకున్నాను. ఏటా వానాకాలం కాలువలో ఇసుక కనబడేది. ఏటా ఆయన సంతోషపడేవాడు. ఒకటి రెండు వానలకు అని మిస్త్రీ చెప్పిన మాట ఆయనకు ఎక్కడా గుర్తులేదు. చేతిలోకి ఇసుక తీసుకుని, కింద చాయ్ తాగేవాళ్ళకు చూపించి "ఇగో, గంజి ఇంక పోతనే ఉన్నది" అని గొప్పలు చెప్పేవాడు. వాళ్ళూ నేతవాళ్ళే కదా, తలలూపేవాళ్ళు. మా గల్లీలో గంజి అంటే ఎవరూ ఎదురు చెప్పరు. పెంకుల నెత్తీ మా ఆయన నెత్తీ ఒకేసారి బట్టతల కావడం మొదలైంది. నేను రెండూ చూశాను కానీ, మొదటిదాని గురించి నాకేం తెలుసులే అనుకున్నాను. రెండోదాని గురించి మాట్లాడితే అలుగుతాడు.

మధ్యలో నా బిడ్డ పెద్దదైంది. పెళ్ళయింది. అల్లుడివాళ్ళది అంజూర్ ఫాటా దగ్గర కొత్త బిల్డింగులో ఫ్లాటు. మూడో అంతస్తు, పైన స్లాబు, లోపల టైల్స్. వాళ్ళూ మనవాళ్ళే, కరీంనగర్ వైపువాళ్ళే. బట్టల దుకాణం ఉంది. మా వియ్యపురాలు మంచి మనిషి. ఆమెతో నాకు ఒకటే ఇబ్బంది. ఆమె ఏ మాటన్నా అది చాలావరకు నిజమై ఉంటుంది.

మొదటి చుక్క రెండేళ్ళ కింద పడింది, సరిగ్గా మంచం తలవైపు. గిన్నె పెట్టాను. "బట్టల ఒక పోగు తెగింది, అంతే. అతుకు పెడితే అయిపాయె" అన్నాడు మా ఆయన. అతుకు పెట్టలేదు. పలకల మీద మరక కనబడకుండా కింద ప్లాస్టిక్ షీటు కొట్టించాడు. మరుసటేడు రెండు గిన్నెలయ్యాయి. నేను సణిగితే, వానాకాలమంటే ఆ మాత్రం ఉంటుందన్నాడు.

నా బిడ్డ నీళ్ళోసుకుంది. శ్రావణానికి కాన్పు అన్నారు. ఏడో నెలలో వాళ్ళ ఫ్లాటులో సీమంతం చేశారు. అందరూ గాజులు తొడిగి, ఒడి నింపి, భోజనాలకు లేచాక మా వియ్యపురాలు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది.

"వదినా, ఏమనుకోకు. మీ ఇల్లు వానకు ఉరుస్తదట గద. మా పిలగాడు చెప్పిండు. బాలింతకు, పసిగుడ్డుకు చెమ్మ తాకితె ఎట్ల? తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల చెయ్యాలె, నాకు తెల్వదా. కాని ఈ వానలల్ల వద్దు. ఇక్కన్నే చేద్దాం. నువ్వొచ్చి ఉండు, నీ ఇల్లే అనుకో."

నా ఇల్లే అనుకోవాలట. నా కళ్ళ ముందు మొత్తం కనిపించింది. నా బిడ్డకు నూనె రాయడానికి ఆమె బాత్రూము అడగాలి. కాన్పు కారం వండడానికి ఆమె పొయ్యి అడగాలి. నా మనవడో మనవరాలో ఏడిస్తే ముందు ఆమె చేతులు అందుకుంటాయి, తర్వాత నావి. నాకు ఒళ్ళు మండింది. ఆమె తప్పుగా అని ఉంటే అక్కడే దులిపేసేదాన్ని. తప్పుగా అనలేదు కాబట్టి ఇంకా మండింది.

"వానలు పడేటాల్లకు మా ఇంట్ల సుక్క ఉరవదు వదినా. మొదటి పెద్ద వానకు నువ్వే వచ్చి కూసో. చూసి అప్పుడు చెప్పు" అన్నాను.

"సరే. ఉరవకుంటె నేనే తోల్కొచ్చి మీ ఇంట్ల దించిపోత. ఉరిస్తె మాత్రం మాట మార్చొద్దు."

మాట మార్చను అన్నాను. నా బిడ్డ పక్కనే పీట మీద కూర్చుని కొత్త గాజులు పైకీ కిందికీ జరుపుకుంటోంది. నేను దాన్నేమీ అడగలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, ఆయన ఎంత మాత్రం కంగారు పడలేదు. వానలకు ఇంకా నెలకు పైనే ఉంది కదా అన్నాడు. గంజి అంతా పోయింది కాబట్టి కప్పు ఇప్పుడే మంచి వయసులో ఉందన్నాడు. నేను రెండు రోజులు ఆయనకు కూరలో ఉప్పు వేయలేదు. మూడో రోజు నిచ్చెన తీశాడు.

పని మొదలుపెట్టడం చాలా గొప్పగా మొదలుపెట్టాడు. మా సాంచం మీద నేసిన కోరా బట్టనే అరచేతి వెడల్పు ముక్కలుగా కత్తిరించాడు. డబ్బాలో డాంబరు కాచాడు. బట్ట ముక్కలను అందులో ముంచి, పైకెక్కి, పెంకుల అంచులు ఎక్కడ లేచి ఉంటే అక్కడ అతికించాడు. దర్జీ కూడా అంత నాజూగ్గా అతుకు వేయడు. ప్రతి పెంకు కింది అంచునూ బట్టతో మూసి, చేత్తో నొక్కి, కుట్టు వేసినట్టు చదును చేశాడు. గల్లీ మొత్తం కింద చేరి ఆ పక్క, ఈ పక్క అంటూ సలహాలిచ్చింది. ఆయన కిందికి దిగేసరికి కళ్ళు, పళ్ళు తప్ప అంతా నలుపే. కిరసనాయిలుతో గంటసేపు రుద్దాను. "అతుకెక్కడుందో దేవుడు గూడ పట్టలేడు" అన్నాడు, వీపు నాకు అప్పగించి.

దేవుడి సంగతి ఏమో, వాన పట్టేసింది. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం ఉరుములతో పెద్ద జల్లు పడింది. మంచం దగ్గర చుక్క పడలేదు. మా ఆయన నా వంక విజయగర్వంతో చూశాడు. ఆ చూపు పూర్తి కాకముందే పొయ్యి దగ్గర టపటపమంది. తర్వాత తలుపు దగ్గర. తర్వాత గదికి సరిగ్గా మధ్యలో, ఉయ్యాల కట్టాలని నేను మనసులో అనుకున్న చోట.

"పాత కాడ ఉరుస్తలేదు గద" అన్నాడాయన.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. గిన్నెలు తెచ్చి మూడు చోట్లా పెట్టి, పొయ్యి వెనక్కి పోయి కూర్చుని ఏడ్చాను. ఈ మనిషి మీద కోపం, వియ్యపురాలి మాట మీద కోపం, బీరాలు పలికిన నా నోటి మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. నా బిడ్డను నా ఇంటికి తెచ్చుకోలేనేమో అని మొదటిసారి భయపడ్డాను. ఆయన వచ్చి పక్కన కూర్చుని చాయ్ పెట్టనా అన్నాడు. పెట్టమన్నాను. పాలు పొంగించాడు.

మర్నాడు ఆయన పడుగు చుట్టిన బీము తేవడానికి పోయాడు. నేను ఒక్కదాన్నే గదిలో నిలబడి పైకి చూశాను. పెళ్ళికి ముందు మా అమ్మవాళ్ళ ఇంట్లో నేను కండెలు చుట్టేదాన్ని, తెగిన పోగులు అతికేదాన్ని. బట్టలో తప్పు కనబడితే బట్టను చూస్తూ నిలబడం. ఆ పోగును పట్టుకుని పన్ని పళ్ళలోంచి, పోగులను లేపి దించే ఆసుల్లోంచి వెనక్కి, బీము దాకా పోతాం. తప్పు కనబడేది ముందు, పుట్టేది వెనక. ఇంతకాలం గిన్నెలు పెట్టుకుంటూ నేను బట్టనే చూస్తూ నిలబడ్డాను.

ప్లాస్టిక్ షీటు పీకేశాను. పలకల మీద నల్లటి చారలు బయటపడ్డాయి. గది మధ్యలో చుక్క పడ్డ చోట వేలు పెట్టి, స్టూలు జరుపుకుంటూ ఆ చార వెంట ఏటవాలుగా పైకి పోయాను. అది ఎక్కడికో కాదు, వంటగది పొగ గొట్టం కప్పులోంచి బయటికి పోయే చోటికి పోయింది. బారెడు దూరంలో దూరిన నీరు పలక వెంట మెల్లగా నడిచొచ్చి గది మధ్యలో పడుతోంది. గొట్టం చుట్టూ పలక మీద వేలు నొక్కితే లోపలికి దిగింది. ఇంకో మూలన మేకుల చుట్టూ సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపించాయి. పగటిపూట ఇంట్లోంచి ఆకాశం కనబడితే, ఆ దారిన వాన రాదా.

చీర చెక్కుకుని నిచ్చెనెక్కాను. పదిహేనేళ్ళుగా ఆ కప్పు కింద ఉన్నానుగానీ ఒక్కసారి కూడా పైనుంచి చూడలేదు. చాయ్‌లు అందించాను, అంతే. ఇప్పుడు చూస్తే ఎర్ర గులకలు సగానికి సగం లేవు. వాటి కింద నల్లటి అట్ట ఎండకు పగిలి కనబడుతోంది. అంచులు పైకి వంకర తిరిగాయి. దాక్కోవాల్సిన మేకుల తలలు పైకి పొడుచుకొచ్చాయి. ఒక పెంకు మూల పట్టుకుని మెల్లగా వంచాను, ఎక్కువ వేగిన అప్పడంలా ఫట్‌మని చేతిలోకి వచ్చేసింది. ఆ ముక్కనూ, కాలువలోంచి ఒక దోసెడు ఇసుకనూ కిందికి తెచ్చి స్టీలు పళ్ళెంలో పెట్టాను. మా ఆయన రాగానే భోజనానికి కూర్చోబెట్టి, అన్నం కంటే ముందు ఆ పళ్ళెం పెట్టాను.

"ఏందిది?"

"గంజి."

ఆయన ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"గంజి పోతె మెత్తగ గావాలె గద. వంచి చూడు" అన్నాను.

వంచాడు. విరిగింది. ఇంకోసారి వంచాడు. ఇంకోసారి విరిగింది. అప్పుడు ఆయన ఆ ముక్కను రెండు వేళ్ళ మధ్య పెట్టి, బట్టను చూసినట్టే, వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. నేను ఎత్తిపొడవడానికి బోలెడు మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"నేను తలకిందులు చెప్పినే" అన్నాడు చివరికి. "రాలింది గంజి కాదు. అదే బట్ట. ఎండ తాకకుంట కాపాడింది అది. మిగిలిందే గంజి."

సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయిపోయాయి. తప్పు ఒప్పుకున్న మనిషిని తిట్టడం నాకు అలవాటు లేదు.

మిస్త్రీని వెతుక్కుని ఇద్దరం టెంఘర్ పోయాం. ఆయన జుట్టు తెల్లబడింది, పని మాత్రం మానలేదు. మా గల్లీలోకి వచ్చి, కింద నిలబడి, నిచ్చెన కూడా అడగకుండా మెడెత్తి ఒక్క నిమిషం చూశాడు. అయిపోయిందన్నాడు హిందీలో. ఎక్కకుండానే ఎలా తెలిసిందని అడిగాను. ఇసుక చూడు, అంచులు చూడు, మేకులు చూడు, ఏడాదికోసారి వానలకు ముందు గల్లీలోంచి చూస్తే చాలు అన్నాడు. కొత్తదానికి ఇసుక రాలితే పరవాలేదు, పాతదానికి రాలిందంటే చర్మం ఊడుతున్నట్టే. మీ ఇంటికి ఇంకొక శని ఉంది, కింద రోజంతా సాంచాలు కొడుతుంటే ఏ మేకు నిలుస్తుంది, రెండేళ్ళకోసారి ఎక్కి మళ్ళీ దిగ్గొట్టాలి అన్నాడు. ఇవన్నీ అప్పుడే చెప్పానని కూడా అన్నాడు. మా ఆయన ఎదురింటి కరెంటు తీగల మీద కాకులను లెక్కపెడుతున్నాడు.

అంతలో మిస్త్రీ కంటికి మా ఆయన కోరా బట్ట అతుకులు కనిపించాయి. ఇదెవరి పని అని అడిగాడు.

"ఎవడో లేబర్" అన్నాడు మా ఆయన.

పైనుంచి దూరిన నీళ్ళు పెంకు కింది అంచులోంచి బయటికి జారిపోవాలి, వాడెవడో ఆ అంచులన్నీ మూసి నీళ్ళను ఇంట్లోకి తోలాడు, వాడు దర్జీ అయి ఉంటాడు అన్నాడు మిస్త్రీ. నేను కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయాను.

ఠాణా వైపు ఒక దుకాణంలో అలాంటి పెంకులే దొరికాయి. పాతవన్నీ పీకించాం. గొట్టం చుట్టూ పుచ్చిన పలకలు మార్పించాం. గొట్టం మొదట్లో నీళ్ళు దూరకుండా రేకు కాలరు వేయించాం. మేకులు కొట్టేటప్పుడు కింద దడ ఉండకూడదని మిస్త్రీ అంటే, మా ఆయన ఎనిమిది సాంచాలూ రెండు రోజులు ఆపేశాడు. పండగకు కూడా అన్నీ ఆపని మనిషి. ఆ రెండు రోజుల నిశ్శబ్దానికి గల్లీవాళ్ళు ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని వచ్చి అడిగిపోయారు.

ఆపిన మనిషి ఊరికే ఉంటాడా, తనూ ఎక్కాడు. బట్ట తాను మడత విప్పినట్టు పైనుంచి కిందికి పరుచుకుంటూ వస్తే తొందరగా అవుతుందని సలహా ఇచ్చాడు. మిస్త్రీ సుత్తి దించి, "సేఠ్, పానీ ఊపర్ నహీ చఢ్తా" అన్నాడు. నీళ్ళు పైకెక్కవు, పైది కిందిదాన్ని కప్పాలి గానీ కిందిది పైదాన్ని కప్పకూడదు. ఆ తర్వాత మా ఆయన మేకులు అందించే పని మాత్రమే చేశాడు. సాయంత్రానికల్లా ఆ మాటనే తన మాటగా చాయ్ దుకాణంలో అందరికీ చెబుతున్నాడు.

ఆ రోజుల్లో నా బిడ్డ రోజూ ఫోను చేసేది. నేను రోజూ వరసలు చెప్పేదాన్ని. ఇయ్యాల ఐదు వరసలైనయి బిడ్డా, గొట్టం పని రేపు, మిస్త్రీ మధ్యాహ్నం రాలేదు. అది వినేది. "టెన్షన్ ఘేఊ నకో అమ్మా" అనేది. బెంగ పెట్టుకోవద్దని నాకు చెబుతోంది. ఇంకేదో అనబోయినట్టు ఒక్కోసారి ఆగేది. నేను మేకుల సంగతి ఎత్తుకునేదాన్ని. అది సరే అని పెట్టేసేది.

మృగశిర కార్తె వచ్చిన వారానికి అసలు వాన దిగింది. గల్లీలో మోకాళ్ళ దాకా నీళ్ళు. ఆ వానలోనే మా వియ్యపురాలు ఆటో దిగి, చెప్పులు చేత పట్టుకుని వచ్చింది. మాటంటే మాటే ఆమెకు. గది మధ్యలో కుర్చీ వేశాను. చాయ్ ఇచ్చాను, సర్వపిండి పెట్టాను. ఆమె తింటున్నంతసేపూ పైకి చూసింది. నేను ఆమె మొహం చూశాను. మా ఆయన మా ఇద్దరినీ చూశాడు. మూడు గంటలు వాన కురిసింది. ఆమె లేచి, స్టూలెక్కి, పలకల మీద అరచేయి పెట్టి రాసి, చేయి చూసుకుంది. పొడిగా ఉంది.

"గెలిచినవ్ వదినా. నేనే తోల్కొస్త" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవలకు చెప్పకు, మా స్లాబుకే మూలకు నెమ్ము దిగుతున్నది" అంది.

"నేనొచ్చి చూస్త చెల్లె, మంచి కోరా బట్ట ఉన్నది" అన్నాడు మా ఆయన హుషారుగా.

వద్దని మేమిద్దరం ఒకేసారి అన్నాం.

అన్న మాట ప్రకారమే ఆమె నా బిడ్డను తెచ్చి దించింది. శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. బాలింతకు చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, పసిదాన్ని గుడ్డల్లో చుట్టి మంచం మీద పడుకోబెట్టాను. నేను పక్కన కూర్చుని పైకి చూడటం మొదలుపెట్టాను. పెంకుల మీద వాన మోత, కింద సాంచాల మోత. గొట్టం దగ్గర నీడ కాస్త ముదురుగా కనిపించింది. మా ఆయనను పిలిచాను. ఆయనా వచ్చి పక్కన నిలబడి పైకి చూశాడు. అది తడి కాదు, పలక రంగే అంత అన్నాడు. కాదు, నిన్న లేదు అన్నాను. బ్యాటరీ లైటు తెమ్మన్నాను. వేసి చూశాం. నీడే. అయినా ఇద్దరం ఇంకాసేపు చూశాం.

"అమ్మా" అంది నా బిడ్డ. గొంతు చాలా చిన్నగా ఉంది. "బాపూ. రొండు నెలల సంది ఇద్దరు పైకే చూస్తున్నరు. ఇగ కిందికి చూడుండ్రి. నేనొచ్చిన."

కిందికి చూశాను. దాని చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. కళ్ళ కింద నల్లగా ఉంది. పెదవి లోపల కొరుక్కుని చిన్న పుండు పడింది. ఇవన్నీ ఒక్క రోజులో వచ్చేవి కావు. ఎన్ని రోజులుగా ఉన్నాయో నాకు తెలియదు. దాని కోసమే అంత పోరాడానని అనుకున్నాను గానీ, ఆ రెండు నెలల్లో దాని మొహం ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. నాకు సిగ్గేసింది. మా ఆయన బ్యాటరీ లైటు ఆర్పేసి, ఏం చేయాలో తెలియక దాన్ని వెనక దాచుకున్నాడు.

మంచం మీద కూర్చుని దాని తల ఒళ్ళోకి తీసుకున్నాను.

"మస్తు భయమైందా బిడ్డా?" అని అడిగాను.

అది నా చేయి పట్టుకుని, ఫోనులో అనబోయి ఆపేసిన మాటలన్నీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.